మూడో ప్రశ్న

ఆఫీసులూ దుకాణాలూ మనుషుల్ని రోజంతా పిండుకుని, మిగిలిన పిప్పిని సాయంత్రం నా క్లాసుకు పంపిస్తాయి. పెద్దవాళ్ళకు సినిమా తీయడం నేర్పడం నా ఉద్యోగం. నేర్పేది పెద్దగా లేదు, మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏం తీద్దామనుకున్నారు? ఏం వచ్చింది? మళ్ళీ తీస్తే ఏం మారుస్తారు? తీసినవాళ్ళే ఆలోచించి జవాబు చెప్పాలి, మిగతావాళ్ళు నోరు మెదపకూడదు. ఏళ్ళ తరబడి ఇవే అడిగి నాకు విసుగొచ్చేసింది.

ఆ పూట వంతు రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయన గొంతు విని క్లాసంతా హారన్ బాబాయ్ అని పేరు పెట్టింది. ఆయన భార్య మా అందరికీ పిన్ని. ఆమెకు గొంతులో కణితి. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆమె మాటలు పోకుండా దాచుకోవాలనే బాబాయ్ కెమెరా పట్టాడు. ఇప్పుడు ఆపరేషనూ అయిపోయింది. మెడకు గుడ్డ చుట్టుకుని పిన్ని వెనక బెంచీలో కూర్చుంది.

"మేమూ ఇంకా చూడలేదమ్మా, అందరితో కలిసే చూద్దామని" అన్నాడు బాబాయ్.

లైటు ఆర్పాను. తెర మీద గచ్చు, బాబాయ్ చెప్పులు, కుర్చీ కాలు.

"ఆపేశావా? అమ్మయ్య!" పిన్ని గొంతు. "నాలుక పిడచకట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు చూడు. చూడవయ్యా! అయ్యో, పొంగనే పొంగాయి. అంత పొడుగు బస్సు తిప్పినవాడివి, గిన్నె దించలేవూ?" పకపకా నవ్వు. "సరే, మనవరాలికి చెప్పేది మళ్ళీ చెప్తా. నొక్కు."

తెర నల్లబడింది. మళ్ళీ గచ్చు, మళ్ళీ చెప్పులు, మళ్ళీ తిట్లు. ఆమె కుదురుగా కూర్చుని చెప్పిన మంచి మాటల్లో ఒక్కటీ లేదు.

లైటు వేశాను. బాబాయ్ మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"ఏం తీద్దామనుకున్నారు బాబాయ్?"

"మా ఆవిడ మాటలు."

"ఏం వచ్చింది?"

"కెమెరా మీద ఎర్రలైటు వెలిగితే ఆగినట్టే అనుకున్నానమ్మా. బతుకంతా అలాగే బండి నడిపాను."



"మళ్ళీ తీస్తే ఏం మారుస్తారు?" అలవాటుగా అనేసి నాలుక కరుచుకున్నాను. మళ్ళీ ఎక్కడ తీస్తాడు, నా మొహం!

పిన్ని లేచి వచ్చింది. కెమెరా ఆయన చేతిలో పెట్టి, ఆయన బొటనవేలు పట్టుకుని బటన్ నొక్కించింది. ఎర్రలైటు వెలిగింది. నడుం మీద చెయ్యి వేసుకుని, వేలు ఆడిస్తూ పెదవులు కదిపింది. చప్పుడు లేదు. తిట్లేనని అందరికీ తెలుస్తూనే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

బాబాయ్ కెమెరా దించలేదు.

"నడుస్తోందే," అన్నాడు. "ఇంకా తిట్టు."