ఎండిన చెరువే కదా

పిట్టల్ని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా, మా పూతలపట్టు తోటలో చిలకల్ని తోలడానికి మనిషిని పెట్టి కూలి ఇస్తాను గానీ అవి ఎన్ని వచ్చాయో లెక్క చెప్పమని ఏనాడూ అడగలేదు, పైగా దీనికి ఎమ్మెస్సీ చదవాలట, ముందు సైకిల్ తొక్కుతున్న నా కూతురు మహిత మళ్లీ ఆగింది, ఒక కాలు నేలకు ఆనించి మెడలోని బైనాక్యులర్ ఎత్తి చూసి నోటుబుక్కులో ఏదో గీసుకుంది, చిత్తూరు మామిడి మండీలో గిరిప్రసాద్ వస్తున్నాడంటే పక్కకు జరిగి దారిచ్చే మనుషులున్నారు, ఆ గిరిప్రసాద్ కూతురు ఎర్రటి ఎండలో కొంగలకు హాజరు వేస్తోంది, రెండేళ్లు ఈ పులికాట్ దీవిలోనే ఉండాలట, చేరుతుందో లేదో ఈ సాయంత్రంలోగా ఆ పిట్టల ఆఫీసువాళ్లకు రాసి పంపాలట, నాయన ఒకసారి వచ్చి చూస్తే చాలు, చూసినాక వద్దంటే మానుకుంటాను అని కబురు, ఆ కబురైనా తను నేరుగా చెప్పలేదు, మా ఇంట్లో నా దాకా వచ్చే మాటలన్నీ నా భార్య రాజశ్రీ నోటి మీదుగానే వస్తాయి, మూడు వారాలు తల్లీకూతుళ్లు వంటింట్లో గుసగుసలాడుకుని, ఒక రోజు నేను అన్నం తిని చెయ్యి కడుక్కునే దాకా ఆగి రాజశ్రీ చెప్పింది, పాపకు ఏందో ఉద్యోగం వచ్చిందంట, మీతో చెప్పేదానికి జంకతా ఉండాది. జంకనీ, తండ్రి అంటే ఆ మాత్రం ఉండాలి అనుకున్నాను, వద్దని అప్పుడే తేల్చుకున్నాను కూడా, అయితే చూడకుండానే వద్దంటే నెల రోజులు ఇంట్లో మూతి ముడుచుకుంటారు, చూసి వచ్చి వద్దంటే నోరెత్తడానికి ఉండదు.

చూడ్డానికి ఏముంది ఇక్కడ, పొద్దున్నే కారెక్కి నాయుడుపేటలో రాళ్లలాంటి ఇడ్లీలు తిని పులికాట్ ఒడ్డుకు చేరితే, అరవై దాటిన మునిరామయ్య అనే పడవ మనిషి, ఒంటి మీద చొక్కా లేదు, నన్ను ఎగాదిగా చూసి, నడిమికి కూచోప్పా, నీ బరువుకు పడవ ఒరిగిపోతాది అన్నాడు, నా లారీలు ఎన్నున్నాయో తెలిస్తే ఆ నోట అప్పా అనే మాట వచ్చేదా, దిగేటప్పుడు ఇంకొకటి చెప్పాడు, సరుగుడు కర్రలు నాటిన దావలోనే పోండి, కర్ర దాటి కాలు పెట్టొద్దండి, సరేలే అన్నాను, చుట్టూ ఇంత నీళ్లుండీ తాగడానికి బిందెడు లేని ఊరివాడు నాకు దారి చెబుతున్నాడు. కార్లు లేవు కాబట్టి సైకిళ్లు, పిట్టల ఆఫీసువాళ్లవి, ముప్పై ఏళ్ల కిందట బుల్లెట్ కొన్ననాడే నేను సైకిల్ దిగాను, ఇప్పుడు మోకాళ్లు పొట్టకు తగులుతుంటే ఇసకలో తొక్కుతున్నాను, మద్రాసు నుంచి వచ్చినవాళ్లట, నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని ఒంటికి అతుక్కున్న నిక్కర్లతో నలుగురు రొప్పుతూ ఎదురయ్యారు, డబ్బిచ్చి చెమట కొనుక్కునే జాతి, ఒకడు నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

దిబ్బ దగ్గర మహిత సైకిల్ దిగి, ఈడి నుంచి నడిచి పోవల్ల నాయనా, మెల్లగా మాట్లాడు, అవి బెదురుతాయి అంది, నా గొంతుకు లారీ డ్రైవర్లే బెదురుతారు, ఇవొక లెక్కా, అరగంట ముళ్లలో నడిపించి చూపించింది, రాజహంసలట, ఒంటికాలి మీద నిలబడి తల కిందికి వేలాడేసి బురద జుర్రుకుంటున్నాయి, పేరు గొప్ప ఊరు దిబ్బ, బాగుండాయి కదా నాయనా అని నా ముఖంలోకి చూసింది, ఊఁ అన్నాను, మా తోటలో పిందె ఎంత రాలిందో అని ఆలోచిస్తున్నాను, అది నోటుబుక్కు మూసేసింది.

మళ్లీ సైకిళ్లెక్కి తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా పడవల రేవు కనిపిస్తూనే ఉంది, మధ్యలో తెల్లగా ఎండిన నేల, అడ్డంగా పోతే అయిదు నిమిషాలు, ఆ కర్రల దారి చూస్తే దీవంతా చుట్టి వస్తుంది, నేను హ్యాండిల్ తిప్పాను, ఆడికి పోవద్దు నాయనా అంది మహిత, నాకా చెప్పేది, మా ఊరి చెరువు పదేళ్లలో ఏడేళ్లు ఎండే ఉండేది, అందులోనే క్రికెట్ ఆడాం, చెరకు బండ్లు తోలాం, నేల తెల్లబడి పెచ్చులు లేచిందంటే సిమెంటు రోడ్డుతో సమానం, చెరువు ఎండితే ఎట్లుంటుందో నీళ్లలో బతికేవాళ్లకు ఏం తెలుసు, పది గజాలు జామ్మని పోయాను, వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు నవ్వాను కూడా, అంతలో ముందు చక్రం కనిపించలేదు, సైకిల్ ఆగింది, నేను ఆగలేదు, లేచి నిలబడదామని కాలు ఊనితే కాలు పోతూనే ఉంది, పైన అరంగుళం ఉప్పు పొర, కింద నల్లగా కుళ్లిన బురద, ఒక కాలు లాగితే రెండోది ఇంకా లోపలికి, మోకాలు, తొడ, రావద్దు, నువ్వు రావద్దు అని అరిచాను, ఆ అరుపుకు ఏ మనిషీ కదల్లేదు, పిట్టలు లేచిపోయాయి.

మహిత అరవలేదు, దారి పక్కన నాటిన రెండు కర్రలు పీకి, బోర్లా పడుకుని వాటిని ముందుకు తోసుకుంటూ పాకుతూ వచ్చింది, కదలొద్దు, ఊరికే ఉండు, సైకిల్ ఇడ్సిపెట్టు, అది ఎవరి సైకిలో అని నేనంటే, ఇడ్సిపెట్టమంటా ఉండానా, ఎనక్కి పడుకో, మంచం మీద పడుకున్నట్ట పడుకో, నాతో ఆ గొంతుతో మాట్లాడినవాళ్లు ఈ పదేళ్లలో లేరు, పడుకున్నాను, కర్రలు నా నడుం కిందికి తోసి, నా చెయ్యి పట్టుకుని ఇప్పుడు ఎడమ కాలు, మెల్లగా, ఇప్పుడు రెండోది, అంటూ బయటికి లాగేసరికి అరగంట పట్టింది, బురద దాని గడ్డం దాకా వచ్చింది, నా చేతిలో దాని చెయ్యి ఒక్కసారి కూడా జారలేదు, భయమని ఏడ్చింది నేను, యాభై మూడేళ్లవాణ్ణి, గట్టిగానే ఏడ్చాను.

రేవులో మునిరామయ్య నన్ను చూసి, ఎండిపోయింది అనుకునింటావు, మెట్ట సీమ వాళ్లందరూ అంతేప్పా అని తువ్వాలు ఇచ్చాడు, అంతే, నవ్వలేదు, నవ్వి ఉంటే తిట్టడానికైనా వీలుండేది, మహిత కూడా ముందే చెప్పినా కదా అనలేదు, నా కాళ్ల మీద నీళ్లు పోసి కడిగింది, లేచి చేతులు తుడుచుకుని ఫోన్ తీసి నా ముందు నిలబడి, నాయనా, వాళ్లకు ఏమని రాసేది, నువ్వు వద్దంటే వద్దనే రాస్తాను అంది, చేరతానని రాయి అన్నాను, మంచి మాటే అన్నాను, కానీ నా నోటికి అలవాటైన గొంతుతోనే వచ్చింది, మాట ఏమిటో వినకముందే, గొంతు వినగానే, అది ఒక అడుగు వెనక్కి వేసింది, ఇందాక మనిషిని మింగే బురదలోకి వెనకాముందూ చూడకుండా పాకిన పిల్ల, గట్టి నేల మీద, నా ఎదురుగా, వెనక్కి అడుగు వేసింది, మండీలో జనం పక్కకు జరిగి దారిచ్చేది కూడా ఇందుకేనేమో, అది పుట్టిన ఈ ఇరవై మూడేళ్లూ దీన్ని మర్యాద అనుకున్నాను, నా బిడ్డ భయపడేది నాకొక్కడికే.