వాసన చూసిన గ్లాసు

ఆ ఉదయం న్యూజిలాండ్‌లోని హామిల్టన్ మీద ఆకాశమే కనబడలేదు. నది మీద నుంచి లేచిన పొగమంచు ఇళ్ళ కప్పుల మీద కూర్చుంది. సుందర్ రాజు వ్యాన్ అద్దాలు తుడిచి, లైట్లు వేసి మనుషుల కోసం చూస్తున్నాడు.

అతని భార్య శిరోమణి, ఆమె వార్డులోని తెలుగు నర్సులు ఐదుగురు, హాక్స్ బే ద్రాక్షతోటలకు వెళ్తున్నారు. నూట డెబ్భై ఏళ్ళ కిందట క్రైస్తవ మిషన్ ఫాదర్లు తీగలు నాటిన సీమ అది. తోటతోటకూ ఆగి వైన్ రుచి చూస్తారు. బండికి తాగనివాడు కావాలి. ఆస్పత్రి లాండ్రీ వ్యాన్ నడిపే సుందర్ రాజు తొమ్మిదేళ్ళుగా చుక్క ముట్టలేదు.

తొమ్మిదేళ్ళ కిందట తాగి స్కూటర్ నడిపి, కూతురు జోసఫిన్‌ని రోడ్డు మీద పడేశాడు. ఆ పిల్ల ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. శిరోమణి అప్పుడు ఏడవలేదు, తిట్టలేదు. "ఇంకొక్కసారి ముడితే నేనూ పిల్లా మీకు లేనట్టే" అంది, అంతే.

బయల్దేరేటప్పుడూ ఒక్కమాటే అంది. "మీరు లోపలికి రాకండి. వ్యాన్‌లోనే ఉండండి."

"సరే" అన్నాడు.

రెండు తోటల దగ్గర అలాగే ఉన్నాడు. కోత అయిపోయిన వరసల్లో ఆకు పసుపెక్కింది. పిట్టలు వాలకుండా కప్పిన వలలు చుట్టచుట్టి గట్టున పడేశారు. తీగ కట్టిన ముడులు చూసి, కట్టినవాడిది నిదానమైన చెయ్యి అనుకున్నాడు.

మూడో తోట రొమేనియా నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చిన ఒక ముసలాయనది. చలిలో మనిషిని బయట కూర్చోబెట్టడం ఆయనకు నచ్చలేదు. వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. పెద్దాయన చెయ్యి విదిలించుకోవడం రాజుకు చేతకాలేదు.

శిరోమణి బాత్‌రూమ్‌కి వెళ్ళింది. రుచి చూసిన వైన్ ఉమ్మడానికి బల్ల మీద పెట్టిన బకెట్ పొడిగా ఉంది. డెబోరా అనే చిన్న నర్సుకు మొహమంతా ఎర్రబడింది.

"అందులో ఉమ్మాలంట అంకుల్. ఆయన చేత్తో పోసింది ఆయన ముందే ఉమ్మితే ఏం మర్యాదండీ? అందుకే అన్నీ మింగేశా."

"ఎన్ని?"

"ఆరు దాకా గుర్తుంది."

"దీనికి మర్యాద బాగా ఎక్కింది" అంది పక్కనున్న ఇంద్రజ. "ఇందాక గుమ్మం దగ్గర కుక్కని 'తప్పుకోండి' అంది."

ముసలాయన రాజు చేతిలో గ్లాసు పెట్టి వేలెడు ఎర్రవైన్ పోశాడు. రాజు దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. నేరేడుపండు, తడిసిన కట్టె, వాటి కిందుగా తనకు బాగా తెలిసిన ఆ పాత వాసన. నోట్లో నీళ్ళూరాయి. గ్లాసు అంచు పెదవికి తగిలింది. అక్కడ ఆగి, బకెట్లో వంచేశాడు. సగం బల్ల మీద ఒలికింది.

తల తిప్పితే గుమ్మంలో శిరోమణి. అతని చేతిలో ఖాళీ గ్లాసు.

"తాళాలు ఇవ్వండి" అంది.

ఇచ్చాడు.

"ఆంటీ, అంకుల్ పారబోశారు, నేను చూశా" అంది డెబోరా.

"నీకు కనబడిన గ్లాసులు ఒకటో రెండో తేల్చుకో ముందు" అని శిరోమణి బయటికి వెళ్ళి చెక్కబల్ల దగ్గర కూర్చుంది.

రాజు వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. "తాగలేదు" అన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "కానీ తాగాలనిపించింది. పెదవి దాకా వెళ్ళింది. ఇదివరకూ అనిపించేది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎప్పుడూ పోలేదు."

"అడిగినప్పుడల్లా ఏమీ లేదన్నారు."

"భయం."

"ఇప్పుడు లేదా?"

"ఉంది."

ఆమె తాళాలు అతని ముందుకు జరిపి, అందర్నీ పిలిచి పులిహోర, కోడివేపుడు డబ్బాలు విప్పింది.

వాళ్ళింట్లో భోజనానికి ముందు ప్రార్థన రాజే పైకి చేస్తాడు. నాలుక తడబడుతుందేమోనని ఆమె చెవి పెట్టి వింటుందని అతనికి తెలుసు. అందుకే తొమ్మిదేళ్ళుగా మాట మాటా విడదీసి పలుకుతాడు. ఇప్పుడూ చేతులు కట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"మనసులో చేసుకోండి" అంది శిరోమణి.

అందరూ తలలు వంచి ప్రార్థించి, ఎత్తారు. ఆమె ముందు అతని ప్లేటులో వడ్డించింది.