సరళాదేవి చీరల బొంత

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోనే సరిగ్గా ఎవరికీ తెలియదు. హోటళ్లు, రిసార్టులు, అడవి అంచున గుడారాలేసి అద్దెకిచ్చేవాళ్లు, వీళ్లందరి దగ్గరికీ వెళ్లి, వాడినదాన్ని పారేయకండి, మళ్లీ వాడండి అని చెప్పడం నా పని. దాన్ని సర్క్యులర్ ఎకానమీ అంటారు. మా సంస్థ వాళ్లు తెలుగులో ‘వలయ ఆర్థిక వ్యవస్థ’ అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి కరీంనగర్‌లో మీటింగు పెట్టారు. వచ్చినవాళ్లందరికీ ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లిచ్చారు. ఆ ఫ్లెక్సీ ఒక్క పూట వేలాడింది. తర్వాత దాన్ని ఏం చేశారని నేను అడగలేదు. అడిగితే కోపం తెచ్చుకోవాల్సి వస్తుంది, నాకు అది చాలా సులభంగా వస్తుంది.

మీటింగుల్లో యజమానులు అందరూ తలూపుతారు. తలూపడం మా వైపు మర్యాద. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు పోతారు. చెప్పింది చేసి చూపించినవాడు ఒక్కడే, ఉపేందర్‌రావు.

ఆయనది పెద్దపల్లి దగ్గర పొలాలున్న కుటుంబం. బియ్యం మిల్లు కొడుకు విక్రాంత్‌కు అప్పజెప్పి, ఆదిలాబాద్ వెళ్లే రోడ్డు మీంచి జలపాతానికి తిరిగే చోట పత్తిచేల పక్కన కాటేజీలు కట్టాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వెనకవైపు పొగ లేస్తోంది. దుప్పట్లు కాలుస్తున్నారు.

“మరకవడ్డ దుప్పటి గెస్టుకు పరుస్తమా బిడ్డా? ఇంకోలకిచ్చినా మన పేరే పోతది,” అన్నాడు.

ఆ దుప్పట్లను లోపల పొరలుగా వేసి, పైన పాత చీరలు పరిచి బొంతలు కుట్టిద్దామని చెప్పాను. ఆదిలాబాద్ చలి సంగతి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు తెలియదు, పల్చటి టీషర్టులతో దిగి సాయంత్రానికి వణుకుతారు. వాళ్లకోసం ఏటా కొనే నైలాన్ రగ్గుల బదులు ఇవి పనికొస్తాయి. పాత చీరలు ఊళ్లలో పోగుచేస్తామన్నాను. ఆయన ఆ పొగ వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఊర్లకు పోవుడెందుకు? మా ఇంట్ల ఉన్నయి. నేనిస్త,” అన్నాడు చివరికి.

అన్నట్టే వారం తిరక్కుండా రెండు పెద్ద మూటలు పంపించాడు. యజమానికి ఇంత ఉత్సాహమా అని నేను పొంగిపోయి ఆఫీసుకు ఫొటోలు కూడా పంపాను.

కుట్టే పని నవీనకిచ్చాను. కరీంనగర్ అవతల మరమగ్గాల వాడలో ఉంటుంది. ఆమె భర్త సుధాకర్ కూలికి నడిపే మగ్గాలను సేటు తుక్కు కింద అమ్మేశాడు. రోజంతా గుడ్డ నేసినవాడు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు. ఆ వాడలో మగ్గం ఆగితే మగవాళ్లకు కనిపించే దారి ఒక్కటే, ముంబై దగ్గరి భివండి మగ్గాలు. వెళ్లినవాళ్లు పండక్కు వస్తారు, ఒక్కోసారి పండక్కూ రారు. నవీనకు అప్పుడే ఆడపిల్ల పుట్టింది.

“గీ కుట్టుడు పని ఉన్నన్ని దినాలు మాయన ఈడుంటడు మేడం. పని పోయిందంటే బండెక్కుతడు,” అని నాతో మొదటిరోజే చెప్పింది. బతిమాలలేదు, ఉన్నమాట చెప్పింది.

పని బాగా సాగింది. పిల్ల తొట్టెలను ఒక కాలితో ఊపుతూ నవీన కుట్టేది. ఆమె అత్త శంకరవ్వ దారాలు ఎక్కించి ఇస్తూ, కుట్టు వంకర పోయిందని తిడుతూ ఉండేది. మొదటి బొంతలు కాటేజీల్లో పరిచారు. హైదరాబాద్ ఆడవాళ్లు కప్పుకుని ఫొటోలు దిగారు. ఒకామె కొంటానని పట్టుబడితే ఉపేందర్‌రావు ఒప్పుకోలేదట. అమ్మకానికి లేవన్నాడట. వ్యాపారం తెలిసినవాడు ఎందుకలా అన్నాడో నాకప్పుడు అర్థం కాలేదు.

రెండో మూట విప్పిన రోజు నవీన ఫోన్ చేసింది. ఏడుస్తోంది. నేను వెళ్లేసరికి మూట వాకిట్లో పడి ఉంది. శంకరవ్వ గడపలో అడ్డంగా కూర్చుంది. లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

“ఏమైందవ్వా?”

“నువ్వే చెప్పాలె ఏమైందో. గీ చీరలు ఎవలియి?”

“రిసార్టు సారువి. వాళ్లింట్లోవి.”

“బతికున్న ఆడిది చీర ఇస్తె ఎట్లిస్తది? చినిగింది ఇస్తది. రంగు పోయింది ఇస్తది. మనసుకు రానిదిస్తది. గిండ్ల చూడు, పట్టుచీర ఉన్నది, ఇంట్ల కట్టేది ఉన్నది, జోడు జాకిట్లున్నయి, లంగలు సుత ఉన్నయి. పెట్టెకు పెట్టెనే కుమ్మరించిండ్రు. గట్ల ఎప్పుడు చేస్తరు? మనిషి పోయినప్పుడే చేస్తరు.”

ఉపేందర్‌రావు భార్యను నేను ఎన్నడూ చూడలేదు. పెద్దపల్లిలో ఉంటుందనుకున్నాను, అడగలేదు.

మా వైపు పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోరు. ఒకప్పుడు ఊరి చాకలి తీసుకుపోయేవాడు. ఇప్పుడు ఎవరూ తీసుకోరు, తీసుకోకపోవడమే న్యాయం కూడా. కానీ పసిపిల్ల ఉన్న ఇంట్లోకి అలాంటి బట్ట రావడమంటే శంకరవ్వకు ఇంటి మీదికి కీడు రావడమే. పైగా మొదటి మూటలోని వంకాయరంగు నేత చీర మెత్తగా ఉందని నవీన దాంట్లోంచి ముక్క చించి పిల్లకు పరిచింది. పుట్టిన బిడ్డను పాతబట్టలోనే పడుకోబెట్టాలి కదా, ఆయుష్షు అంటారు. ఇప్పుడు శంకరవ్వ ఆ ముక్కను తొట్టెల్లోంచి లాగి బయట పారేసింది. అలవాటైన మెత్తదనం పోయి పిల్ల నిద్రపోవడం లేదు.

“పొద్దటిసంది గిదే లొల్లి మేడం. కుట్టొద్దంటది. మాయన భివండికి ఫోన్ చేసిండు. రేపో ఎల్లుండో పోతడట,” అంది నవీన.

“పోతే పోనియ్యి. పిల్ల పానం కంటె ఎక్కువనా?” అంది శంకరవ్వ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకు వైపు చూడలేదు. సుధాకర్ వాకిట్లోనే గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

“పా. ఆ దొరనే అడుగుత. మూట ఆయన మొకం మీదనే ఏస్త,” అని లేచింది.

మూట నా కారు డిక్కీలో పెట్టాం. నవీన పిల్లనెత్తుకుంది. దారి పొడుగునా శంకరవ్వ ఉపేందర్‌రావు ఏడు తరాలనూ తిట్టింది. నిర్మల్ దాటేసరికి ఆయన తాతల దాకా వచ్చింది.

ఉపేందర్‌రావు ఆఫీసు గది ముందు కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని కాదు, ముందు మూటను చూశాడు. లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే శంకరవ్వ కూర్చోలేదు. నీళ్లిస్తే తాగలేదు.

“దొరా, గీ చీరలు ఎవలియి?”

“మా ఇంటియే.”

“మీ ఇంట్ల ఎవలియి?”

ఆయన నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

“సరళవి. నా భార్య, సరళాదేవి. నిరుడు వానకాలం పోయింది.”

“చెప్పాలె గద దొరా! పసిపిల్లున్న ఇంట్లకు చెప్పకుంట పంపుతరా? తెల్వక పిల్ల కింద సుత పరిచినం!”

“చెప్తె కుడుతురా?”

ఆయన కుర్చీ అంచున కూర్చుని చెప్పుకొచ్చాడు. “మా ఊర్ల చాకలి రాజయ్య ఉన్నన్నాళ్లు గసొంటియన్ని ఆయనే తీస్కపోయేది. ఆయన కొడుకు కరీంనగర్ల డ్రైక్లీనింగ్ షాపు వెట్టుకున్నడు. తీస్కపొమ్మంటే, మేం ఇప్పుడు గవి తీస్కుంటలేం సార్ అన్నడు. నేనేమంట? గాయన అన్నది నిజమే. విక్రాంత్ కాలవెడుదమన్నడు. ఆమెను కాలవెట్టచ్చిన. మల్ల చీరలు సుత కాలవెట్టాల్నా? ఏడాది బీరువ తెరవలే. గీ పిల్ల వచ్చి, పారేసుడొద్దు, కాలవెట్టుడొద్దు, మల్ల వాడాలె అన్నది. మంచిమాట అనిపించింది. ఎవలో ఒకలు చలికి కప్పుకుంటరు గదా అనుకున్న.”

ఇన్నేళ్లలో నా మాటను మనస్ఫూర్తిగా నమ్మిన యజమాని ఈయన ఒక్కడే. నేను చెప్పిన కారణం వేరు, ఆయన నమ్మిన కారణం వేరు. ఆయన మీద నాకు కోపం రాలేదు. జాలి వేసింది.

శంకరవ్వ కాసేపు మూట వైపే చూసింది.

“ఎట్ల పోయింది?”

“గుండె. పొద్దుగాల నాకు చాయ్ ఇచ్చి కూసున్నది. కూసున్నకాడనే.”

“అంటే బొట్టుతోనే పోయింది.”

“నేను బతికే ఉన్న గద,” అన్నాడు ఉపేందర్‌రావు.

శంకరవ్వ ముఖంలో ముడి విడిపోవడం నేను చూశాను. గట్టిగా ఊపిరి వదిలి మెట్టు మీద కూర్చుంది. ఇందాక వద్దన్న నీళ్లు అడిగి తాగింది.

“ముందుగాలనే చెప్తె అయిపోవు గద. ముత్తైదువ చీర కీడెట్లయితది? ముత్తైదువ పోతె ఆమె పసుపుకుంకుమ అడుక్కొని మరీ తీస్కపోతరు. గీ చీరలకు దోషం లేదు. కుడుతది మా కోడలు,” అంది.

నిర్మల్ దాకా తిట్టిన నోరే ఇది. రేపు కొడుకు భివండి వెళ్లకుండా ఉండాలంటే రివాజులో ఎక్కడో ఒక సందు ఉండాలి, ఆ సందు ఆమెకు దొరికింది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు గానీ, నాకు కొంచెం నవ్వొచ్చింది. ఇకమీదట ఎవరి చీరలైనా సరే, ఎవరివో ముందే చెప్పి పంపాలని నేను మాట తీసుకున్నాను. ఉపేందర్‌రావు తలూపాడు. ఈసారి మర్యాదకు కాదనిపించింది.

పిల్ల నవీన ఒళ్లో కదిలింది. ఆయన వంగి చూశాడు.

“సరళ చీర గీ పిల్లకు పరిచిండ్రా?”

“మెత్తగుందని పరిచిన సార్. తెల్వక,” అంది నవీన బెదురుతూ.

“అయ్యో, మంచిదే బిడ్డా. మా దాంట్ల నాయనమ్మ చీర పరుస్తరు, అందుకని అడిగిన.” శంకరవ్వ వైపు తిరిగాడు. “మరి నీ చీర పరవలేదా?”

“నేను బొట్టు లేనిదాన్ని దొరా. నా చీర ఆడపిల్లకు పరుస్తరా?”

ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన చూపు దించుకున్నాడు. నవీన తలెత్తి అత్తను చూసింది, మళ్లీ పిల్ల వైపు చూసింది.

మూట మళ్లీ డిక్కీలోకి ఎక్కింది. తిరుగు దారిలో శంకరవ్వ హుషారుగా ఉంది. నా ఫోన్ అడిగి కొడుక్కు చేయించుకుంది. “భివండి లేదు, ఏం లేదు. బియ్యం కడిగి పొయ్యి మీదెయ్యి, వస్తున్నం,” అని గట్టిగా చెప్పింది.

“అత్తమ్మా,” అంది నవీన.

“ఏందే?”

“ఆమెను మనం ఎన్నడు చూడలే. ఆమె సచ్చిపోయి ఏడాదైంది. ఆమె చీర నా బిడ్డకు మంచిదైంది. నా కాన్పుకాడికెళ్లి రాత్రనక పగలనక పిల్ల పియ్యి మూత్రం ఎత్తుతున్నవు నువ్వు. నీ చీర చెడ్డదెట్లయింది?”

“రివాజట్లున్నదే.”

“రివాజుకు గిప్పుడే తొవ్వ దొరికె గద. నీ వంతుకు దొరకదా?”

అద్దంలో చూశాను. శంకరవ్వ కిటికీలోంచి పత్తిచేలు చూస్తోంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. ఎదురుగా వచ్చే లారీని చూసుకుంటూ నడిపాను.

జగిత్యాల దగ్గర పడుతుండగా ఆమె గొంతు సవరించుకుంది.

“పెట్టెల ఎర్రచీర ఒకటున్నది. మీ మామ ఉన్నప్పుడు కట్టింది. దాన్ని చించి పరువు. దానికి దోషం లేదు.”

“గది నాకద్దు,” అంది నవీన. “నువ్వు దినాం కట్టేదే కావాలె.”

“మొండిదానివే నువ్వు.”

“ఔను.”

పిల్ల లేచి సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. శంకరవ్వ చేతులు చాపి తీసుకుని ఒళ్లో వేసుకుంది. కొంతసేపు జోకొట్టింది. తర్వాత పిల్లతో అన్నట్టుగానే, మా ఎవరి వైపూ చూడకుండా అంది.

“దండెం మీద నీలంది ఆరేసి వచ్చిన. ఇప్పటికి ఎండింది కావచ్చు.”