కన్నప్పన్ తట్టి చెప్పినాడంటే

ధర్మపురిలో పాత బండి కొనాలనుకున్నవాడు దాని జాతకం చూపించుకునేది జోస్యుడి దగ్గర కాదు, పాలకోడు రోడ్డులో కార్ల రేకు పని చేసే కన్నప్పన్ షెడ్డులో. కన్నప్పన్ బండి చుట్టూ ఒక్కసారి తిరుగుతాడు. తిరుగుతూ సుత్తి పిడితో రేకును అక్కడక్కడా తడతాడు. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట పట్టీ అనే లప్పం మెత్తి పైన రంగు కొట్టి ఉంటే బద్‌మంటుంది. బద్‌మన్న చోట సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు, ఖంగుమన్న చోట సున్నా చుడతాడు. పైన పటారం లోన లొటారం బండ్లు అమ్మేవాళ్లకు ఆ సుద్దముక్కను చూస్తేనే చెమట పడుతుంది. "కన్నప్పన్ తట్టి చెప్పినాడంటే చెప్పినట్టే" అని ఊళ్లో మాట. ఈమధ్య కుర్రవాళ్లు అయస్కాంతం పెట్టి చూస్తున్నారు. "అయస్కాంతం నూనె డబ్బా రేకుకు కూడా అంటుకుంటాది, దానికేం తెలుసు" అని కన్నప్పన్ నవ్వుతాడు.

నలభై ఏళ్లు సుత్తి పట్టి సంపాదించుకున్న ఆస్తి అతనికి ఆ చెవి ఒక్కటే. ఆ నలభై ఏళ్ల సుత్తి దెబ్బలే చివరికి దాన్ని తినేశాయి. ఏడాదిగా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి దగ్గరగా వచ్చి మాట్లాడితే అందుతుంది, నాలుగు అడుగులు దూరమైతే మాటలో సగం గాలికి పోతుంది. ఈ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని అతను అనుకుంటాడు. అలా అనుకోవడం అతనికి సుఖం.

పంచవర్ణానికి తెలుసు. ఆమె అతనికి సొంత అక్క కూతురు. పెళ్లికి ముందూ "మామా" అనే పిలిచింది, పెళ్లయ్యాకా అదే పిలుపు. ఇంటి వాకిట్లో నిలబడి వీధి చివరి మనిషిని పిలవగల గొంతు ఆమెది. అలాంటిది ఏడాదిగా మొగుణ్ణి దూరం నుంచి పిలవడం మానేసింది. పని మీద షెడ్డుకు వస్తే నేరుగా అతని ఎడమ పక్కకు వెళ్లి, మోచేయి తాకి, మామూలు గొంతుతో చెబుతుంది. ఇంకోటి కూడా మానేసింది. పిల్లలు మాట వినకపోయినా, రేషన్ కొట్టువాడు వినకపోయినా "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండాది" అనడం ఆమెకు ఊతపదం. ఆ సామెత ఆమె నోట రాక ఏడాదైంది. కన్నప్పన్ గమనించాడు గానీ ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

అలాంటి రోజుల్లో షెడ్డుకు సుబ్బరాయప్ప ఫియట్ వచ్చింది.

సుబ్బరాయప్పకు పాలకోడులో టమోటా మండీ ఉంది. ఆయన తండ్రి కొన్న ఫియట్ వెల్లిచందైలో తోట కొట్టంలో పద్దెనిమిదేళ్లు గడ్డివాము పక్కన పడి ఉంది. ఇప్పుడు దాన్ని లేపడానికి కారణం ఆయన తల్లి గోపమ్మ. ఎనభై నాలుగేళ్ల ఆ ముసలమ్మకు కుప్పంలో ఒక అక్క ఉంది, మంచాన పడింది. ఒక్కసారి చూసి రావాలని గోపమ్మ పట్టు. కానీ అద్దాలు బిగించే కొత్త కార్లు ఆమెకు పడవు, కారిమంగళం దాటేలోపే కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. ఫియట్‌లో అయితే ముందు తలుపుకు మూడు మూలల చిన్న అద్దం ఉంటుంది. దాన్ని తిప్పితే గాలి నేరుగా మొహానికి కొడుతుంది. "మీ నాయన పక్కన ఆ గాలికే కూచోని తిరిగినాను, దాంట్లో అయితేనే వస్తాను" అందిట.

ఇంజిను పని వేరే చోట అయిపోయింది. బండి ఒంటి పని కన్నప్పన్ చేతికి వచ్చింది. రెండు నెలల్లో అతను నేల రేకు మొత్తం కోసి కొత్తది వేశాడు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రేకు పెట్టెను షెడ్లలో రన్నింగ్ బోర్డు అంటారు. ఫియట్‌కు కింద వేరే చట్రం ఉండదు, ఆ పెట్టెలే దాని వెన్నెముక. లోపల చేరిన నీళ్లు పోవడానికి అడుగున చిన్న బొక్కలుంటాయి, అవి మట్టితో పూడుకుపోతే తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. కుడివైపుది చేత్తో పీకితే ఊడొచ్చింది. దాన్ని కోసి, కొత్త రేకు వంచి, గ్యాసు మంటతో అతికి, వేడికి రేకు మెలితిరగకుండా తడిగుడ్డ వేస్తూ నాలుగు రోజులు కూర్చున్నాడు. చేతిలో పని ఇంకా చెక్కుచెదరలేదు. కళ్లు మూసుకుని అరచెయ్యి నిమిరితే వెంట్రుకవాసి ఎత్తుపల్లం కూడా దొరుకుతుంది.

ఎడమవైపుది చూడ్డానికి నున్నగా ఉంది. తట్టాడు. ఖంగుమన్నట్టే అనిపించింది. సున్నా చుట్టాడు. పెయింటర్ వచ్చి ఆ సున్నా మీదే ప్రైమర్ కొట్టి, మొదటి కోటు మీగడ రంగు వేసి పోయాడు. ఇంకొక్క కోటు వేస్తే బుధవారం బండి ఇచ్చేయొచ్చు.

సోమవారం మధ్యాహ్నం పంచవర్ణం సంగటి తెచ్చింది. అతను తింటూ ఉంటే కారు పక్కన కింద కూర్చుంది. ఊరికే కూర్చునే చేతులు కావు ఆమెవి. సంతలో కుండ కొనాలంటే వీధిలో ఆడవాళ్లంతా ఆమెను తోడు తీసుకుపోతారు. వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, ఇది పగులు, ఇది పచ్చి, ఇది తీసుకో అని చెప్పేస్తుంది. ఆ అలవాటున కణుపుతో కారును తడుతూ వచ్చింది. ఎడమ తలుపు కింద ఆగింది. మళ్లీ తట్టింది. లేచి వచ్చి అతని ఎడమ పక్కన వంగి చెప్పింది.

"మామా, ఈ కాడ సత్తం బాగలేదు. పగులుకుండ మాదిరి ఉండాది."

కన్నప్పన్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "నేను తట్టి సున్నా పెట్టినాను."

"పెట్టినావులే. అయినా ఇంకొకసారి..."

"కుండలు తట్టే చెయ్యి కారు మీద పెట్టొద్దు" అన్నాడు. అంత మాట అనాల్సింది కాదు. అన్నాక వెనక్కి తీసుకోవడం మగవాళ్లకు ఎక్కడ చేతనవుతుంది. పంచవర్ణం గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది.

మంగళవారం తెల్లారి షెడ్డు తెరిచాడు. వీధిలో ఎవరూ లేరు. సుత్తి పిడితో కొత్త రేకు వేసిన కుడివైపు తట్టాడు, తర్వాత ఎడమవైపు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను రేకుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమిపెట్టి మళ్లీ తట్టాడు. ఇంజిను రోగం కనిపెట్టేవాళ్లు అలా వింటారు. ఎముకకు అదురు తగిలింది, శబ్దం తగల్లేదు. గోడకు ఆనించిన ఖాళీ డ్రమ్మును తట్టాడు. అదీ అంతే. అప్పుడు అర్థమైంది. రెండు నెలల కింద ఈ చోట తట్టినప్పుడు ఖంగుమన్నది రేకు కాదు, నలభై ఏళ్లుగా విన్న జ్ఞాపకం. నున్నటి రేకు కంటికి కనబడగానే చెవి తన పాతపాట తానే పాడేసుకుంది.

స్క్రూడ్రైవర్ మొనను ఎడమ తలుపు కింద ఆనించి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. పిడి దాకా దిగింది.

ఉలి పెట్టి రంగు, పట్టీ రాల్చాడు. కింద వనస్పతి డబ్బా రేకు, దాని మీది పచ్చరంగు బొమ్మలు కూడా చెరగలేదు. దాని వెనక గోనెగుడ్డ కుక్కి ఉంది. గోనె వెనక ఉండాల్సిన ఇనుము చెయ్యి పెడితే పొడిపొడిగా రాలింది. ఎవడో ఏ కాలంలోనో చేసిన ఘనకార్యం. డబ్బా రేకు కాబట్టి అయస్కాంతం కూడా అంటుకునేది. సరిగ్గా దాని పైనే ముందు సీటు, మూడు మూలల అద్దం పక్క సీటు. కన్నప్పన్ నేల మీద చతికిలబడ్డాడు. కృష్ణగిరి దారిలో ఒక గుంతలో దిగితే తలుపు ఊడొచ్చి ముసలమ్మ ఎక్కడ పడేదో అతని కళ్ల ముందు కనబడింది.

తర్వాత వచ్చిన ఆలోచన మరీ సిగ్గుచేటుది. పెయింటర్ రావడానికి ఇంకా టైముంది. షట్టర్ దించుకుని గబగబా ఒక రేకు అతికి, పట్టీ పూసి, రంగు కప్పేస్తే ఎవరికీ తెలియదు. బుధవారం మాట బుధవారమే, పేరు పేరే. కానీ అలా అతికేది ఇప్పుడు కింద పడి ఉన్న ఈ డబ్బా రేకు లాంటిదే అవుతుంది. సరిగా చేయాలంటే మూడు రోజులు కావాలి. మూడు రోజులు ఎందుకంటే కారణం చెప్పాలి. కారణం చెబితే కన్నప్పన్‌కు చెవుడని సాయంత్రానికల్లా పాలకోడు మండీలో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఈ షెడ్డుకు బండి తట్టించుకోవడానికి ఎవడొస్తాడు?

సుబ్బరాయప్ప పదకొండు గంటలకు వచ్చాడు. మండీలో అరిచి అరిచి అలవాటైన గొంతు కాబట్టి ఆయన మాట కన్నప్పన్‌కు ఎప్పుడూ అందుతుంది. పంచవర్ణం కూడా వచ్చి ఉంది. నిన్నటి కోపం అలాగే పెట్టుకుని, వాకిలి దగ్గరే నీళ్ల బిందె దించి నిలబడింది.

"ఏం కన్నప్పన్నా, ఇదేంది? రంగు కొట్టిన దాన్ని మళ్లీ ఎందుకు కోసినావు?"

"అయ్యా, ఈ చోట సున్నా పెట్టింది నేనే" అన్నాడు కన్నప్పన్. "తట్టినాను. ఇనబడలేదు. ఇనబడినట్టు అనుకున్నాను. ఏడాదిగా నాకు చెవుడు. ఎవరికీ చెప్పలేదు. శనివారం దాకా టైమియ్యండి, కొత్త రేకుకు వేరే డబ్బు వద్దు."

సుబ్బరాయప్ప మొహం ఎర్రబడింది. "బుధవారం అన్నావు. మా అమ్మ సంచి సర్దుకోని కూచోనుంది. అక్కడ పెద్దమ్మ ఎప్పుడేమవుతాదో తెలియదు. చెవుడైతే ముందే చెప్పేదానికేమి?"

కన్నప్పన్ తల వంచుకున్నాడు. సుబ్బరాయప్ప వంగి బొక్కలోకి చూశాడు. గోనెగుడ్డను కాలితో కదిపాడు. సీటు వైపు చూశాడు.

"ఇది మూసేసి ఇచ్చింటే నాకు తెలిసేదా?"

"తెలియదయ్యా."

"ముప్ఫై ఏండ్లుగా మండీలో ఉండాను. పైన ఎర్రకాయ పరిచి అడుగున కుళ్లుకాయ పోసి తెచ్చేవాణ్ణి దినమూ చూస్తాను. పెట్టెను తానే కింద కుమ్మరించి చూపించినోణ్ణి ఇప్పుడే చూసేది." మెచ్చుకోలుగా అనలేదు, ఇంకా చిరాకుగానే ఉన్నాడు. "శనివారం అంటే శనివారం. సరే, ఇది చూపించినావు. మిగతా సున్నాల గతేంది? వాటికి ఎవరు పూచీ?"

బండి నిండా కన్నప్పన్ చుట్టిన సున్నాలే. ఎనిమిదో తొమ్మిదో, అన్నీ రంగు కింద ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఇప్పుడు అనుమానమే. అతను వాకిలి వైపు తిరిగాడు.

"పంచవర్ణం, రా. తట్టి చూడు."

ఆమె కదల్లేదు. అక్కడి నుంచే ఏదో అంది, అతనికి అందలేదు. పెదవులను బట్టి "కుండలు తట్టే చెయ్యి కదా" అన్నదని తెలిసింది.

"తప్పు నాదే" అన్నాడు కన్నప్పన్, సుబ్బరాయప్ప ముందే. "నా చెవి పోయింది. నీ చెవి ఉండాది. రా."

పంచవర్ణం చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చింది. అతని చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది, సుత్తి తీసుకోలేదు. ముందు మడ్‌గార్డు దగ్గర మొదలుపెట్టి కణుపుతో తడుతూ నడిచింది. సంతలో కుండలు తట్టేటప్పుడు లాగే తల కొంచెం పక్కకు వాల్చింది. కన్నప్పన్ బానెట్ దగ్గర నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె కనుబొమ్మ కదలకపోతే ఊపిరి తీసుకున్నాడు, కదిలితే ఆపుకున్నాడు. నలభై ఏళ్లలో ఎందరో బండ్లవాళ్లు ఇలాగే తన మొహం చూస్తూ నిలబడ్డారని అతనికి మొదటిసారి తోచింది. పాపం అనిపించింది.

వెనక చక్రం పైన ఆమె ఆగింది. మళ్లీ తట్టింది. ఇంకోసారి. రంగు మీదనే చిన్న ఇంటూ పెట్టింది. ఆమె డిక్కీ వెనక్కి పోయి కనబడకుండా అయింది. అటుపక్క చాలాసేపే పట్టింది.

ఏడాదిగా ఉన్న అలవాటైతే ఆమె ఇప్పుడు బండి చుట్టూ తిరిగి వచ్చి, అతని ఎడమ పక్కన చేరి, మోచేయి తాకి, మెల్లగా చెప్పాలి. కన్నప్పన్ ఆ తాకిడి కోసం ఎడమ చెయ్యి కొంచెం ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు.

పంచవర్ణం రాలేదు. డిక్కీ వెనక నిలబడి, కొంగు నడుముకు బిగించి, పెళ్లయిన కొత్తలో వీధి చివరి నుంచి పిలిచిన గొంతుతో పిలిచింది. ఎదురు టీకొట్టులో గ్లాసులు కడిగేవాడు కూడా తలెత్తి చూశాడు.

"మామా... ఒక్క చోటే చెడు. మిగతాదంతా బాగుండాది."

కన్నప్పన్‌కు వినబడింది. ప్రతి మాటా వినబడింది. "సరే" అని అతనూ గట్టిగానే అరిచి, కళ్లు తుడుచుకుని, కోత ఉలి కోసం వంగాడు.