కైదండ కావలెను

నిఘంటువు కార్యాలయంలో ఆమెకు ‘మాటలపిచ్చి’ అని పేరు పెట్టారు. పెట్టనీ, ఆమెకేం పోయింది? నూనె అంటే నువ్వుల నెయ్యి అని తెలిసిన రోజు వంటింట్లో సీసా పట్టుకుని ఒక్కతే నవ్వుకున్న మనిషి. ఆ సుఖం తెలియనివాళ్లను చూస్తే ఆమెకు జాలి.

ఈరోజు మాత్రం జాలి లేదు, ఒళ్లు మండుతోంది. నిఘంటువును కుదించి చిన్న పుస్తకం వేస్తున్నారు. పదేళ్లుగా ఎక్కడా అచ్చులో కనిపించని మాటను కొట్టేయాలని డైరెక్టరు నియమం. కొట్టివేతల పెట్టెలో, ఎర్రగీతతో, అన్నిటికన్నా పైన ‘కైదండ’ కార్డు ఉంది. దాన్ని పట్టుకుని తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది.

“సార్, కై అంటే చెయ్యి. కైవసంలో ఉన్నది అదే. దండ అంటే ఆసరా, మన అండదండల్లోది. నడవలేనివాళ్లు పట్టుకోవడానికి ఇచ్చే చెయ్యి కైదండ. ఇంత చక్కటి మాటను ఎలా కొట్టేస్తాం?”

“బాగానే ఉంది. ఇప్పుడెవరంటున్నారు?”

“మా అత్తగారు. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచీ, ‘అమ్మాయ్, కాస్త కైదండ ఇవ్వు’ అంటూనే ఉన్నారు.”

“మీ అత్తగారు అచ్చులో లేరు కదమ్మా. సోమవారం ‘క’ అక్షరం పేజీలు ప్రెస్సుకి పంపాలి.”

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. ఇంట్లో నిక్షేపంలా ఉన్న మనిషి నోటి మాటను చచ్చిపోయిందని తేల్చడానికి ఈయనెవరు? సాయంత్రం ఇంటికి పోకుండా పత్రికాఫీసుకు పోయింది.

ఆదివారం చిన్న ప్రకటనల్లో పడింది: ‘కైదండ కావలెను. పెద్దావిడను పగటిపూట నడిపించవలెను.’ కింద ఆమె ఫోన్ నంబరు. సోమవారం ఆ ముక్క కత్తిరించి, కార్డుకు గుచ్చి, డైరెక్టరు బల్ల మీద పెట్టింది.

“ఇది మీరే వేయించారు,” అన్నాడాయన.

“నేనే. ఎవరు వేయించాలో మీ నియమంలో లేదు.”

“ఇది మోసమమ్మా.”

“మోసమెందుకవుతుంది? నేనిక్కడుంటే ఆవిడను నడిపించే దిక్కు లేదు. నిజంగానే కావాలి.”

“చదివినవాళ్లకు అర్థం కావద్దూ?”

“ముగ్గురు ఫోన్ చేశారు సార్. అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు, ఎప్పుడు రమ్మంటారని అడిగారు. ఒకావిడ పొద్దున్నే వచ్చింది. ఈపాటికి మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లుంటారు.”

డైరెక్టరు కార్డును తిప్పి తిప్పి చూశాడు. చివరికి కలం తీసి, ఎర్రగీత పక్కన ‘ఉంచాలి’ అని రాశాడు.

చేతులు జోడిస్తుందనుకున్నాడు కాబోలు. ఆమె కొట్టివేతల పెట్టెను మొత్తంగా ఎత్తి చంకన పెట్టుకుంది.

“ప్రకటనకు పెద్ద ఖర్చేం కాదు సార్,” అని తన బల్ల దగ్గరకు వెళ్లిపోయింది.