నునుపు చేయకూడని గడ్డలు

"మళ్ళీ నునుపు చేశారా?"

స్టెల్లా కేకకు కొండపల్లి కార్ఖానాలో ఆరబెట్టిన ఏనుగు బొమ్మలైనా ఉలిక్కిపడేవే. బొమ్మలు చేసే తిరుపతిరావు మాత్రం బెదరలేదు.

"నునుపు లేకపోతే అది బొమ్మెట్టా అవుద్దండీ?"

స్టెల్లా గవర్నర్‌పేటలో ఒక కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. ఎల్లుండే కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్. అందులో పెట్టే నమూనా బాగా లేకపోతే ఆమె స్టాలు రోబోల వాళ్ళకిస్తానని ప్రిన్సిపల్ ముందే చెప్పేశారు.

ఆమె చేయిస్తున్నది గెలాక్సీల గుంపు. కంటికి కనపడని డార్క్ మేటర్ అనే పదార్థం అందులో ఎలా పోగుపడి ఉంటుందో చూపాలి. గుంపు మొత్తాన్నీ కప్పుతూ ఒక పెద్ద ముద్ద, నడిమధ్య మరీ చిక్కగా. అందులోనే ఒక్కో గెలాక్సీ చుట్టూ దాని సొంత గడ్డ. బొమ్మలకు వాడే తేలికపాటి పొణికి కర్రతో గెలాక్సీలు ముచ్చటగా కుదిరాయి. చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పెట్టిన గడ్డలనే తిరుపతిరావు ఉప్పుకాగితంతో రుద్ది పారేశాడు. ఇది రెండోసారి. ఇప్పుడు గెలాక్సీల గుంపు నున్నటి గుమ్మడికాయలా ఉంది.

"కనపడకపోయినా ఆ గడ్డలున్నాయని ఎలా తెలిసిందనుకున్నారు? వెనకనుంచొచ్చే వెలుగు వాటి దగ్గర వంగుతుందండీ! మీరేమో మొత్తం చదును చేసేశారు!"

"వంగితే వెలుగు వంగుద్ది. పోయేది నా పరువు. మా ఇంట్లోంచి ఎగుడుదిగుడు బొమ్మ బయటికెళితే వీధిలో తలెత్తుకోగలనా?"

"దేవుడా! జరగండి."

కొంగు బొడ్లో దోపి స్టెల్లా మక్కు పళ్ళెం లాక్కుంది. ఒక్కో గెలాక్సీ చుట్టూ తనే ముద్దలు మెత్తింది. చూడలేక తిరుపతిరావు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఎగ్జిబిషన్ రోజు ప్రిన్సిపల్ లక్ష్మీకాంత్ నమూనా చుట్టూ తిరిగి పెదవి విరిచారు.

"ఫినిషింగే లేదేంటమ్మా? రోబో వాళ్ళని పిలవనా?"

స్టెల్లా నోరు తెరిచేలోపే జనంలోంచి తిరుపతిరావు ఊడిపడ్డాడు. చేతిలో ఉప్పుకాగితం!

"ఇట్టా అంటారని నాకు తెలుసండీ! ఒక్క నిమిషం, సాపు చేసేస్తా..."

"ముట్టుకున్నారంటే ఊరుకోను! ఆ గడ్డలు పోతే చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు!"

హాలంతా ఇటు తిరిగింది. రోబో దగ్గర మూగిన పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చారు.

"ఏం గడ్డలు మేడం? ఎందుకు ముట్టుకోకూడదు?"

ప్రిన్సిపల్ ఆ పిల్లల గుంపును చూశారు, అటు ఒంటరిగా చేతులూపుతున్న రోబోను చూశారు. "సర్లేండి, ఉంచండి," అని తప్పుకున్నారు.

స్టెల్లా ఉప్పుకాగితం లాక్కుని వెనక దాచింది. రెండో చేత్తో గడ్డలు చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

పక్కన తిరుపతిరావు వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట.

"గెలాక్సీలు నావి బాబూ. గడ్డలు మాత్రం మేడం గారివి."