ఓనరమ్మ

మేడమీద స్నానాల గదిలో గోడకు పట్టిన పాకుడును కనక కొబ్బరి పీచుతో గీకుతోంది. మంచుకాలం వచ్చిందంటే అరకులో తెల్ల టైల్సు నల్లబడతాయి. ఇవాళ తోమితే రేపటికి మళ్ళీ పడుతుంది చార. చీర చెంగు నడుముకు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మూలమూలకీ వంగి మరీ తోముతోంది. నిన్న దిగిన కుర్రాళ్ళు షాంపూ పొట్లాలు ఎక్కడివక్కడే పారేసి పోయారు. వాళ్ళు కప్పుకున్న దుప్పట్లు దులిపితే వలిసె పూల రేకులు రాలాయి. ఫొటోల కోసం చేలల్లో పడి దొర్లి వచ్చారు కాబోలు.

"కనకా, పైనయిందా? మేడ కొనీవోళ్ళు ఎస్.కోట దాటీసినారట. బేగి కానీ," కింది నుంచి వరహాలరావు కేకేశాడు.

"అయిపోనాది బాబూ," అంది కనక. అవలేదు. ఆమె లెక్కలో శుభ్రం అనేది ఎప్పుడూ కాస్త మిగిలే ఉంటుంది.

పొట్టి మనిషి. ముక్కుకు రెండువైపులా నత్తులు, మోచేతుల దాకా పచ్చబొట్లు. ఆ పచ్చబొట్ల కింద అరచేతులు ఫినాయిలుకు తెల్లబడి, పగుళ్ళు తీసి ఉంటాయి. నడుము నిటారుగా నిలబడి చాలాకాలమైంది. ఊళ్ళో అందరూ ఆమెను ఓనరమ్మ అంటారు. వెక్కిరింపే, కానీ అబద్ధం కూడా కాదు. ఈ రెండంతస్తుల గెస్ట్‌హౌసు కాగితాల మీద కనకదే. ఈ కొండల్లో భూమిని గిరిజనులు తప్ప వేరేవాళ్ళు కొనకూడదని చట్టం ఉంది. కొనకూడదని అందరికీ తెలుసు, కొంటున్నారనీ అందరికీ తెలుసు. మొగుడు సుక్రు బతికున్నప్పుడే రోడ్డు పక్క చేను వరహాలరావు చేతికి పోయింది. పట్టా మాత్రం సుక్రు పేరునే ఉండి, అతను పోయాక కనక పేరుకు మారింది. వరహాలరావు డబ్బుతో మేడ లేచింది. ఇంటి పన్ను కనక పేరున, కరెంటు మీటరు కనక పేరున. కనక మాత్రం పెరటి వైపు తాటాకు పాకలో ఉంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ పేరు వల్ల ఒరిగింది లేకపోగా ఉన్నది ఊడింది. సుక్రు పోయాక వచ్చే పింఛను ఉన్నట్టుండి ఆగిపోయింది. వెళ్ళి అడిగితే కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, "నీకు మేడ ఉంది. నెలనెలా గీజర్ల కరెంటు కాలుతోంది. ఇంకా పింఛను దేనికమ్మా?" అంది. ఆ అమ్మాయి తప్పు లేదు, కంప్యూటరులో అలాగే ఉంది. ప్రభుత్వం కట్టించే ఇంటికి పెట్టుకున్నా అదే జవాబు. కనక ఆ సంగతి వరహాలరావుకు చెబితే, "నే సూత్తాను గదా," అన్నాడు. చూశాడో లేదో ఆమె మళ్ళీ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. సుక్రుకు ఊపిరితిత్తులు పాడై దగ్గుతో రక్తం పడ్డప్పుడు, వరహాలరావే తన కారులో వేసుకుని ఘాటు దింపి విశాఖపట్నం తీసుకుపోయాడు. దారి పొడుగునా వెనక సీట్లో సుక్రు తల అతని ఒళ్ళోనే ఉంది. చొక్కా మీద నెత్తురు పడితే తుడుచుకున్నాడే గాని మొహం చిట్లించలేదు. ఆ మేలు కనక మర్చిపోలేదు. ఆమె చిక్కంతా అదే. పూర్తిగా చెడ్డవాడైతే తిట్టుకుని బతికేది.

ఇప్పుడతను మేడ అమ్మేస్తున్నాడు. కొనేవాళ్ళు విశాఖపట్నం వాళ్ళు. వాళ్ళకీ ఒక పేరు కావాలి, ఆ పేరు వాళ్ళే వెతుక్కున్నారు. కనక చెయ్యవలసిందల్లా వేలిముద్ర వెయ్యడం. "నీ పాక జోలికెవరూ రారు. నీ ఊపిరున్నన్నాళ్ళూ అది నీదే, నేను ఆళ్ళతో మాటాడేను," అన్నాడు వరహాలరావు. ఆ మాట మీదే కనక ఒప్పుకుంది. ఆమెకు కావలసిందల్లా ఆ పాక, ఆ నాలుగు గుంజల కింది నేల. ఇల్లు అద్దంలా ఉంటే కొనేవాళ్ళు తననూ ఉంచుకుంటారని, పొద్దు పొడవకముందు నుంచీ తోముతూనే ఉంది.

కారు వచ్చింది. ప్రేమ్‌కుమార్ దిగి నడుము విరుచుకున్నాడు. అతని భార్య బిందుమాధవి దిగుతూనే కొండలకేసి చూసి, "బీచ్ ఎదురుగా ఫ్లాట్ ఉంది గానీ, ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలు కూడా మిగలడం లేదు. సముద్రం మొహం మొత్తేసిందండీ," అంది వరహాలరావుతో. మంచిగానే మాట్లాడే మనిషి. కనక ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టింది. స్నానాల గది చూసి, "ఎంత నీట్‌గా ఉంచారో," అంది. కనక కడుపు నిండింది.

"ఇంతకీ ఓనర్ గారెవరు?" అని అడిగింది బిందుమాధవి.

"ఇదిగో, ఈవిడే మేడమ్," అని వరహాలరావు కనకను చూపించాడు.

ముగ్గురూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని కనకా నవ్వింది. నవ్వాక తన నోటి మీద తనకే కోపం వచ్చింది.

వెనక బాల్కనీలోకి వెళ్ళి ప్రేమ్‌కుమార్ కిందికి చూశాడు. "ఆ షెడ్ తీసేస్తే రెండు కార్లు హాయిగా పడతాయి," అన్నాడు.

కనక చేతిలో పళ్ళెంతో గుమ్మంలోనే నిలబడిపోయింది. వరహాలరావు మాట్లాడతాడని చూసింది. అతను ఎదుటి కొండమీది కాఫీ తోటలకేసి చూస్తూ, "మీ ఇల్లు, మీ ఇష్టం సార్," అన్నాడు.

కాసేపటికి కృపావతి వచ్చింది. వాగు అవతలి గూడెం పిల్ల. చంటిబిడ్డను తువ్వాలుతో వీపుకు కట్టుకుంది. ఇకమీద మేడ ఉండబోయేది ఈ పిల్ల పేరునే.

"పని నేర్చుకోమన్నారత్తా," అంది.

కనక ఆమెను మోటారు దగ్గరికి తీసుకెళ్ళింది. ట్యాంకు నిండితే పైనుంచి చప్పుడెలా వస్తుందో చెప్పింది. గీజరు వేసి మర్చిపోతే ఏమవుతుందో చెప్పింది. కృపావతి శ్రద్ధగా విన్నది. మొహంలో సంబరం దాగడం లేదు. కనకకు ఆ పిల్లను చూస్తే జాలీ వేసింది, కడుపులో మంటా పుట్టింది.

"నీ మొగుడేటన్నాడే?"

"ఆడికి డైవరు పనిత్తారట. మేడ మన పేరునుంటే మంచిదే గదా అన్నాడు."

"మంచిదే. మీటరు మాత్రం నీ పేరున ఎయ్యనీకు. గవర్మెంటోళ్ళిచ్చేయన్నీ ఆగిపోతాయి. నాకు పింఛను పోనాది. ఇల్లడిగితే, నీకు మేడుంది పొమ్మన్నారు."

కృపావతి బిడ్డను సర్దుకుంటూ పాకవైపు చూసింది. తాటాకు చిరిగినచోట నీలం పరదా కప్పి, పైన రాళ్ళు పెట్టి ఉంది. "అదా నీ ఇల్లు?" అంది. "అత్తా, ఆ పాక ఇప్పి పారీమని మా ఓడికే సెప్పినారే. మొన్న సంతరోజునే వరహాలరావు బాబొచ్చి మాటాడేరు. నీకు సెప్పనేదా?"

"సెప్పినారు, సెప్పినారు," అంది కనక. ఆమె మోటారు స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచేసింది. ఆ సంతరోజు సాయంత్రమే అతను పాక ముందు మంచం మీద కూర్చుని, ఊపిరున్నన్నాళ్ళూ నీదే అన్నాడు. అప్పుడు ఆమె అతనికి జొన్నపొత్తు కాల్చి ఇచ్చింది.

మధ్యాహ్నం అందరూ బొంగు చికెన్ తినడానికి బయల్దేరారు. పోతూ పోతూ వరహాలరావు వరండాలో బల్ల వేయించి, కాగితాల మీద గాజు గుండు పెట్టి, వేలిముద్రల సిరాడబ్బా తీసి పక్కన పెట్టాడు. సిరా బిగుసుకుపోయి ఉంటే నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించాడు.

"తినొచ్చి కానిచ్చీద్దాం. ఎక్కడికీ ఎల్లకేం," అన్నాడు.

"నానెక్కడికెల్తాను బాబూ," అంది కనక. అన్నప్పుడు ఆ మాట నిజమే.

బిడ్డ ఏడుస్తోందని కృపావతి గూడేనికి వెళ్ళింది. కనక గ్లాసులు కడిగి బోర్లించింది. మేడమీద కిటికీలు మూసింది. వరండాకి వచ్చి బల్ల దగ్గర నిలబడి తన బొటనవేలు చూసుకుంది. పీచూ ఫినాయిలూ కలిసి గీతలన్నీ తినేశాయి. రేషను మిషను ఆ వేలిని గుర్తుపట్టడం ఏనాడో మానేసింది. ఈ కాగితానికి మాత్రం ఆ వేలే కావాలి, ఇంకెవరిదీ పనికిరాదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తోచింది.

పాకలోకి వెళ్ళి రెండు చీరలూ దుప్పటీ మూటకట్టింది. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి గాని మనసు ఊరుకోలేదు. సుక్రు తల ఒళ్ళో పెట్టుకున్న మనిషికి చెప్పకుండా పోతున్నానే అని ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ఆ మేలు నిజమే, ఈ పాక విప్పడానికి మనిషిని కుదిర్చిందీ అతనే. ఒకదానితో ఒకటి చెల్లుకు చెల్లు వేసుకోవడం ఆమెకు చేతకాలేదు. చెంగుతో ముక్కు తుడుచుకుని, గుంజను ఒకసారి పట్టుకుని చూసి, రోడ్డెక్కింది.

హుకుంపేట వైపు పోయే జీపు ఆగింది. "ఏటి ఓనరమ్మా, మేడొగ్గీసి ఎక్కడికి?" అన్నాడు డ్రైవరు.

"సెల్లి కాడికి," అంది కనక. వెనక బస్తాల మధ్య ఇరుక్కుని కూర్చుంది. చెల్లెలు సోములమ్మ ఇల్లు వరహాలరావుకు తెలియంది కాదు. రేపో ఎల్లుండో కారు అక్కడికీ వస్తుంది. బతిమాలతాడు, సుక్రు పేరు ఎత్తుతాడు. అప్పుడు ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. చెప్పగలదో లేదో కూడా తెలియదు. ఇవాళ్టికి మాత్రం వేలు తన పిడికిట్లోనే ఉంది. జీపు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు.

భోజనాలు కానిచ్చి వాళ్ళు తిరిగొచ్చేసరికి మేడ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ముందు వరహాలరావు, "కనకా," అని గట్టిగా పిలిచాడు. పెరట్లోకి వెళ్ళి పాకలోకి తొంగి చూసి వచ్చాక, మళ్ళీ పిలిచాడు గాని ఈసారి గొంతు అంతగా లేవలేదు. "ఓనర్ గారు ఎక్కడికో వెళ్ళినట్టున్నారు," అంది బిందుమాధవి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వరండాలో బల్లమీదికి పడమటి ఎండ వచ్చింది. మూత తీసి పెట్టిన సిరాడబ్బాలో చిలకరించిన తడి అంచుల నుంచి మెల్లగా ఆరిపోతోంది.